పట్టూ విడుపూ

ముందురోజు మధ్యాహ్నం నారాయణఖేడ్ బస్టాండు దగ్గర పంక్చరు షాపులో నాలుగు టైర్లకూ 33 గాలి పెట్టించాను. తెల్లారి ఆరున్నరకు ఊరి బయట వెంచరులో గేజి పెట్టి చూస్తే ఇరవై తొమ్మిదిన్నర. నాలుగింటికీ అంతే. "రాత్రి ఎవడన్న గాలి దీసిండా మామా?" అన్నాడు మా మేనల్లుడు. ఒక్క టైరులో తగ్గితే మేకు దిగిందనుకోవచ్చు. నాలుగింట్లోనూ సమానంగా తగ్గితే దొంగ చలే.

లెక్క చూడండి. గేజి చూపించే 33 అనేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్నది. బయటి గాలి ఒత్తిడి మా పీఠభూమి ఎత్తులో సుమారు 14. రెండూ కలిపితే 47. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో నింపిన గాలి తెల్లారేసరికి 8 డిగ్రీలకు చల్లబడింది. పరమ శూన్యం నుంచి లెక్కపెడితే 303 నుంచి 281కి పడింది. ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో 47 నుంచి 43.6కి దిగుతుంది. అందులోంచి బయటి 14 తీసేస్తే 29.6. ఒక్క బుడగ గాలి కూడా బయటికి పోలేదు. లోపలున్న అణువులు రాత్రంతా చలికి ముడుచుకుని, టైరు గోడల్ని మెల్లగా తట్టాయి, అంతే.

సంగారెడ్డి జిల్లా చలిని చిన్నచూపు చూడకూడదు. డిసెంబరు, జనవరి వచ్చాయంటే కోహీరు, న్యాల్‌కల్ పేర్లు పేపర్లో ఒంటి అంకె డిగ్రీలతో కనబడతాయి. సముద్రానికి దూరం, నేల ఎత్తు, పైన మబ్బులేని ఆకాశం. పగలు నేల తాగిన వేడి అంతా రాత్రి అడ్డులేకుండా ఆకాశంలోకి పోతుంది. మా ఖేడ్ కూడా ఆ పక్కదే. అలాంటి చలిలో, కప్పుకున్న శాలువా కూడా తీయకుండా, మేం ఆరుగురం మూడు కార్లతో ఆటోక్రాస్ ఆడటానికి వచ్చాం.

వేదిక గురించి చెప్పాలి. ప్లాట్లు అమ్ముడుపోక తారు రోడ్లు మాత్రం మిగిలిన వెంచరు. అడ్డంగా నిలువుగా నలభై అడుగుల రోడ్లు, తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్లు, పార్కు కోసమని వదిలి మొరం పోసిన జాగా ఒకటి. యజమాని మాకు తెలిసినవాడే. అనుమతిచ్చాడు, పైగా గేటుకు తాళం వేసి తాళంచెవి మా చేతికే ఇచ్చాడు. ప్లాస్టిక్ కోన్లు ఎక్కడ దొరుకుతాయి? ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలు ఇరవై రెండు తెచ్చి దారి గీశాం. చూసేవాళ్లు మలుపుకు బయటి వైపు నిలబడకూడదన్నది మొదటి నియమం. పట్టు తప్పిన కారు వెళ్లేది అటే కాబట్టి.

ఈ ఆటలో పక్కన ఇంకో కారు ఉండదు. ఒక్కొక్కరే వెళ్లాలి, గడియారంతోనే పోటీ. డబ్బాల మధ్యనుంచి వంకరలు తిరుగుతూ గీత నుంచి గీతకు చేరాలి. డబ్బాను తాకితే రెండు సెకన్లు జరిమానా; అమెరికా క్లబ్బుల్లో కోనుకు వేసేదీ అదే. అమెరికాలో ఈ ఆటను తారు మీద, పెద్ద పార్కింగు జాగాల్లో ఆడతారు. బ్రిటనులో మాత్రం అదే పేరుతో గడ్డి మైదానాల్లో, బురదలో ఆడేవారు. 1967 ఫిబ్రవరిలో, చలికాలంలోనే, లిడెన్ హిల్ అనే చోట తారునూ మట్టినీ కలిపి టీవీ కోసం ఒక పోటీ పెట్టారు. రాలీక్రాస్ అలా పుట్టింది. ఆ రోజు గెలిచింది పోర్షా 911లో వచ్చిన విక్ ఎల్ఫర్డ్. సగం తారు, సగం మొరం ఉన్న మా వెంచరు తెలియకుండానే ఆ వంశంలో చేరింది. మన దేశంలో పద్ధతిగా పోటీ పెట్టాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే జాతీయ సమాఖ్య గుర్తింపు, లైసెన్సు, అంబులెన్సు అన్నీ కావాలి. మాది పోటీ అనిపించుకునేంత పెద్దది కాదు. స్నేహితుల పందెం. హెల్మెట్లు మాత్రం అందరికీ ఉన్నాయి.

గేజి పక్కన పెట్టి ఇప్పుడు నేలకేసి చూద్దాం. మనిషితో కలిపి కారు బరువు ఒక టన్ను అనుకోండి. చక్రానికి 250 కిలోలు. టైరులో 33 గాలి అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోల ఒత్తిడి. ఆ ఒత్తిడితో 250 కిలోలు మోయాలంటే నేలను తాకే మేర సుమారు 108 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. టైరు గోడలు కూడా కొంత మోస్తాయి గనుక ఇది ఉజ్జాయింపే. అయినా ఆ మేర ఎంతని? వేళ్లు వదిలేసి మీ అరచెయ్యి మాత్రం గోడకు ఆనించండి, అంత. నాలుగు టైర్లవీ కలిపినా మామూలు తెల్ల కాగితంలో మూడింట రెండు వంతులే. ఇంజను ఎంత గుర్రపు బలం చూపించినా, బ్రేకు ఎంత ఖరీదైనదైనా, స్టీరింగు ఎంత సున్నితమైనదైనా, అన్నీ చివరికి ఆ నాలుగు అరచేతుల ద్వారానే నేలతో మాట్లాడాలి.

ఆ అరచేతులు నేలను ఎలా పట్టుకుంటాయి? రెండు రకాలుగా. రబ్బరు అణువులు రాతి అణువులకు క్షణకాలం అంటుకుని ఊడుతుంటాయి. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. తారు రోడ్డు మీద కంకర మొనలు తేలి ఉంటాయి. రబ్బరు వాటి సందుల్లోకి దిగి, మొన దాటగానే మళ్లీ లేస్తుంది. కానీ దిగినంత చురుగ్గా లేవదు, కాస్త బద్ధకం. ఆ బద్ధకం వల్ల మొనకు ఒకవైపు ఒత్తిడి ఎక్కువ, రెండోవైపు తక్కువ. కారును ఆపేదీ తిప్పేదీ చాలావరకు ఈ తేడాయే. పూర్తిగా చురుకైన రబ్బరు, అంటే పిల్లలు ఎగరేసే బంతి లాంటిది, రోడ్డు మీద పట్టుకు పనికిరాదు. టైరు రబ్బరుకు బద్ధకం కావాలి, అయితే సరిపడా వేడి కూడా కావాలి. చల్లబడితే రబ్బరు గొలుసులు బిగుసుకుని, మొనల సందుల్లోకి దిగడం మానేసి పైపైన జారిపోతాయి.

చల్లని రబ్బరు ఎంత మొండిగా ఉంటుందో ప్రపంచం ఒకసారి కన్నీళ్లతో చూసింది. 1986 జనవరి 28న, గడ్డకట్టే చలి రాత్రి తర్వాత ఎగిరిన చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయి ఏడుగురు చనిపోయారు. విచారణ సభలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రాకెట్టు అతుకుల్లో వాడే రబ్బరు ముక్కను బిగించి మంచునీళ్ల గ్లాసులో ముంచాడు. తీసి వదిలితే అది వెంటనే పూర్వపు ఆకారానికి రాలేదు. మా వెంచరులో అంత ఘోరం జరగదు. కానీ తెల్లారి మొదటి మలుపులో కారు ముక్కు పక్కకు జరగడానికి మూలం ఆ గుణమే. ఫార్ములా వన్‌లో టైర్లకు ముందే కరెంటు దుప్పట్లు కప్పి వేడిచేస్తారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన రెండున్నర కిలోమీటర్లకు పైబడిన దారి మీద జరిగిన ఫార్ములా-ఈ రేసులో ఆ దుప్పట్లు కూడా లేవు. డ్రైవరే అటూ ఇటూ తిప్పుతూ రాపిడితో వేడి పుట్టించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. సాగర్ గట్టు మళ్లీ ట్రాఫిక్కు చేతికి వచ్చింది.

టైరు మాట వచ్చింది గనుక ఇంకొకటి. మా జిల్లా సదాశివపేటలోనే ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది. జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతాయి. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో బీఎంపీ-2 రకం సైనిక వాహనాలు, 'శరత్' అని పేరు, గొలుసు పట్టాల మీద నడిచేవి. టైరు, ట్రాక్టరు, పట్టా బండి మూడూ ఒక్క జిల్లావే. ఈ అధ్యాయంలో మూడింటితోనూ పనుంది.

ఏడు గంటలకు మొదటి పరుగు. కార్ల టాపుల మీద మంచు నీళ్లు కారుతున్నాయి. టాపు రేకు పలుచన. ఆకాశానికి వేడి ఇచ్చేసి ముందుగా అదే చల్లారి, గాలిలోని తేమను నీటిచుక్కలుగా దించుకుంటుంది. తారు రోడ్డు మందం, పగటి వేడి ఇంకా కడుపులో మిగిలే ఉంటుంది, అందుకే దాని మీద చెమ్మ తక్కువ. కానీ ఆ కొద్ది చెమ్మా రోడ్డు మీది దుమ్ముతో కలిసి పల్చటి పూత అవుతుంది. నిజమైన వాన కడుగుతుంది. ఈ చెమ్మ పులుముతుంది, అంతే. బైకు మీద పాలు తెచ్చేవాళ్లను అడగండి, ఏ మలుపులో కాలు కింద పెట్టాలో చెబుతారు.

మొరం కథ తిరగబడి ఉంటుంది. బీదర్ నుంచి జహీరాబాదు దాకా పరుచుకున్న ఎర్ర జేగురు రాతి నేల ఇది. లక్షల ఏళ్ల వానలు రాతిలో కరిగేదంతా కరిగించి తీసుకుపోతే, ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రగా గట్టిపడ్డాయి. ఇది విరిగితే శనగ గింజంత గుండ్రటి పలుకులు వస్తాయి. పొడిగా ఉన్నప్పుడు వాటి మీద టైరు నడిస్తే బాలుబేరింగుల మీద నడిచినట్టే. అదే మొరం రాత్రి మంచుకు కాస్త తడిస్తే, పలుకుల మధ్య సన్నటి నీటి పొరలు వాటిని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇసుక గూళ్లు కట్టిన పిల్లలందరికీ తెలుసు, కొంచెం తడి ఉంటేనే గూడు నిలబడుతుంది. అందుకని ఆ రోజు పొద్దెక్కుతున్న కొద్దీ తారు మీద పట్టు పెరిగింది, మొరం మీద తగ్గింది. ఏడింటికి వెళ్లినవాడికి మొరం అనుకూలం, పదింటికి వెళ్లినవాడికి తారు. చీటీలు తీసి వరుస నిర్ణయించాం. చీటీకి ఇంత భౌతికశాస్త్రం ఉంటుందని అప్పుడెవరూ అనుకోలేదు.

ఖేడ్ పక్కన నల్లరేగడి కూడా ఉంది. అది తడిస్తే ఉబ్బి చక్రానికి చుట్టుకుంటుంది. దాని జోలికి మేం పోలేదు.

మా మేనల్లుడి మొదటి పరుగు చూసి తీరాలి. గీత దాటగానే మూడో గేరు, టైర్ల కేక, మొదటి మలుపు దాకా గుండెలదిరే వేగం. మలుపులో బ్రేకు, స్టీరింగు రెండూ ఒకేసారి. స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోయి రెండు డబ్బాలను ఎగరగొట్టింది. "తిప్పిన మామా, తిరగలే!" అని ఫిర్యాదు.

ఎందుకు తిరగలేదో అంగడి లెక్కలో చెప్పుకోవచ్చు. టైరుకున్న పట్టు జేబులో వంద రూపాయలు. బ్రేకుకు ఖర్చుపెట్టొచ్చు, మలుపుకు ఖర్చుపెట్టొచ్చు, రెంటికీ పంచొచ్చు. వంద మించితే మాత్రం జారుడే. ఈ అంగడిలో ఒక విచిత్రం ఉంది. బ్రేకుకు 80 పెడితే మలుపుకు మిగిలేది 20 కాదు, 60. రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి గనుక వాటిని పైథాగరస్ పద్ధతిలో కలపాలి. 80 వర్గం, 60 వర్గం కలిపితే వంద వర్గం. దీన్ని వలయంగా గీసి చూపిన జర్మన్ ఇంజనీరు ఊనిబాల్డ్ కామ్ పేరుతో కామ్ వలయం అంటారు. అంటే పాదం కొంచెం వదిలితే చాలు, మలుపుకు బోలెడు పట్టు తిరిగొస్తుంది. బ్రేకు 100 నుంచి 80కి తగ్గించినవాడికి 60 దక్కుతుంది. మావాడు వందకు వంద బ్రేకుకే పోశాడు, స్టీరింగు అడిగితే జేబు ఖాళీ.

జేబులోని వంద కూడా స్థిరంగా ఉండదు. బ్రేకు వేసినప్పుడు కారు ముందుకు వంగుతుంది కదా, బరువు నిజంగానే ముందు చక్రాల మీదికి జరుగుతుంది. టన్ను కారులో, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లు అనుకుంటే, గట్టి బ్రేకుకు వెనకనుంచి ముందుకు జరిగేది సుమారు 175 కిలోలు. ఇద్దరు మనుషులు, చేతిలో సామాను సంచులతో, వెనక సీటులోంచి బానెటు మీదికి దూకినట్టు. బరువు పడిన టైరుకు పట్టు పెరుగుతుంది, అయితే బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే కాస్త తక్కువే. బరువు కోల్పోయిన వెనక టైరు నష్టం ముందు టైరు లాభం కంటే ఎక్కువ. అందుకే కారును కుదుపులతో నడిపేవాడు ఎప్పుడూ నష్టపు బేరమే చేస్తుంటాడు.

పక్క చేనులో కంది కుప్ప దగ్గర ట్రాక్టరు ఆపి, మా గోల చూస్తూ ఒకాయన గేటు దగ్గర నిలబడ్డాడు. చెరుకు రోజుల్లో జహీరాబాదు వైపు ట్రాలీ తోలుతాడట. లోపలికి పిలిచి, చాయ్ ఇచ్చి, హెల్మెట్టు చేతికిచ్చాం. ముందు నవ్వాడు. తర్వాత నా కారు ఎక్కాడు.

చూడ్డానికి ఆయన పరుగులో ఏమీ లేదు. కేక లేదు, పొగ లేదు. మలుపుకు చాలా ముందే బ్రేకు వేసి, పాదం మెల్లగా వదులుతూ స్టీరింగు తిప్పి, మలుపు సగంలో ఉండగానే మళ్లీ యాక్సిలరేటరు. 42.8 సెకన్లు, ఒక్క డబ్బా తగల్లేదు. మావాడిది 41.2, రెండు డబ్బాల జరిమానా కలిపితే 45.2. ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగితే ఆయన సమాధానం ఇది: "ట్రాలీ నిండ చెరుకుంటది సారు. మలుపుల వడ్డంక బ్రేకు కొడితే ట్రాలీ మనల్ని నూకుతది. ముందుగాల్నే తగ్గాలె, మెల్లగ ఇడవాలె. గంతే." కామ్ వలయం గురించి నేను రెండు పేజీల్లో రాసేది ఆయన ఒక్క చాయ్‌లో చెప్పేశాడు. పట్టు-విడుపు అంటాం కదా మనం, పంచాయతీల్లోనూ, సంసారాల్లోనూ. ఇక్కడ మాత్రం ఆ మాటకు అచ్చమైన అర్థమే. విడిస్తేనే పట్టు.

ఆయనకు ఇంకో ఫిర్యాదు ఉంది. మీ కారుకు ఒక్కటే బ్రేకు పెడలా, అని. ట్రాక్టరుకు కుడికాలి కింద రెండుంటాయి, వెనక కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. రోడ్డు మీద రెంటినీ గడియతో కలిపేస్తారు. చేను చివర సాలు తిప్పేటప్పుడు గడియ తీసి, లోపలి వైపు పెడలు మాత్రం తొక్కితే ఆ చక్రం ఆగి, బయటిది తిరిగి, ట్రాక్టరు నిలబడ్డ చోటే గుండ్రంగా తిరుగుతుంది. మెత్తటి దుక్కిలో ముందు చక్రాలకు పట్టు లేనప్పుడు స్టీరింగు చేసే పని బ్రేకు చేస్తుంది. ఎద్దుమైలారం పట్టా బండ్లకు తిప్పడానికి ముందు చక్రాలే లేవు, ఒక పక్క పట్టాను నెమ్మదింపజేసే మలుపు తిరుగుతాయి. ఇప్పటి ఖరీదైన కార్లలో కంప్యూటరు మలుపులో లోపలి చక్రానికి చిటికెడు బ్రేకు వేస్తుంది, దానికి పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతారు. మా చేలల్లో అది పాత సంగతి. అరకలో లోపలి ఎద్దును నిలేసి బయటి ఎద్దును అదిలించే రైతుకు మరీ పాతది.

రెండో విడతలో మేనల్లుడికి దారి గీత గురించి చెప్పాను. మలుపులో సాధ్యమయ్యే వేగం వ్యాసార్ధానికి వర్గమూలంగా పెరుగుతుంది. తారు మీద 15 మీటర్ల వ్యాసార్ధపు మలుపుకు హద్దు గంటకు సుమారు 39 కిలోమీటర్లు. రోడ్డు వెడల్పంతా వాడుకుని, బయటి అంచున మొదలై లోపలి డబ్బాను ఒరుసుకుంటూ మళ్లీ బయటి అంచుకు పోతే అదే మలుపు 20 మీటర్లదవుతుంది. వేగం 45. మొరం మీద 15 మీటర్లకు 31 దాటితే జారుడే. స్టీరింగు ఎంత తక్కువ తిప్పితే అంత వేగం, అని అర్థమైతే ఇంజను ఊసు ఎవరూ ఎత్తరు. చలిగాలి చిక్కగా ఉండి ఇంజనుకు ప్రాణవాయువు ఎక్కువ ఇస్తుందన్నది నిజమే. 35 డిగ్రీల గాలి కంటే 8 డిగ్రీల గాలి సుమారు పది శాతం సాంద్రం. పీఠభూమి ఎత్తు అందులో చాలా భాగం వెనక్కి లాక్కుంటుంది. చివరికి మిగిలింది చిల్లర.

దారి గీత తెలిసినా కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియాలి. మావాడి చూపు ఎప్పుడూ బానెటు ముందున్న డబ్బా మీదే. తగలకూడదని దాన్నే చూస్తూ దాన్నే తగిలేవాడు. 1994లో స్కాట్లండులో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ అనే ఇద్దరు, డ్రైవర్ల కంటిచూపును కొలిచే పరికరం పెట్టి వంకర రోడ్డు మీద నడిపించారు. మలుపుకు ఒకటి రెండు సెకన్ల ముందే డ్రైవరు చూపు రోడ్డు లోపలి అంచు వంగే బిందువు మీదికి పోయి అక్కడే నిలుస్తోందని తేలింది. చూపు ముందుపోతుంది, చెయ్యి దాని వెనక. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. కన్ను చూసి చెయ్యి కదిలేలోపు సెకనులో ఐదో వంతు గడిచినా రెండు మీటర్లు పోతాం. ముందున్న డబ్బాను చూసేవాడు నిజానికి గడిచిపోయిన సంగతిని చూస్తున్నాడు.

ఆ సెకనులో ఐదో వంతే మా ఫోను స్టాపువాచీని కూడా తినేసింది. నొక్కేవాడి బొటనవేలు ఒకసారి ముందు, ఒకసారి వెనక. అసలు పోటీల్లో గీతకు అడ్డంగా కంటికి కనబడని కిరణం వేసి, కారు దాన్ని తెంచిన క్షణాన్ని సెకనులో వెయ్యోవంతు దాకా పట్టుకుంటారు. మా చివరి జాబితాలో మొదటి ఇద్దరికీ తేడా 0.1 సెకను. వాళ్లలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు, తేలదు కూడా. ఖేడ్‌లో ఎప్పుడు కలిసినా ఇద్దరూ తనదే అంటారు.

పదకొండుకు ఎండ ముదిరింది. చెమ్మ ఎగిరిపోయింది, మొరం దుమ్ము లేస్తోంది. ట్రాక్టరాయన కంది బస్తాలు ఎత్తాలని లేచాడు. పోతూ పోతూ నా కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్ల మీదా చెయ్యి పెట్టి చూశాడు. "ఎడమ ముంగటిది మస్తు కాలింది సారు," అన్నాడు. పొద్దున తిరిగి 33 నింపిన టైర్లే. గేజి తెచ్చి పెట్టాను. వెనక కుడి 34న్నర, వెనక ఎడమ 35, ముందు కుడి 35న్నర, ముందు ఎడమ 37. మేం గీసిన దారిలో కుడి మలుపులు ఆరు, ఎడమవి మూడు.